కొట్టేసిన పాచిక కూడా కనపడాలి

మహాభారతం నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు రథంలో పోతూ పోతూ ఒక తానిచెట్టు వైపు చూసి, ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు ఊరికే నమ్మడు. రథం ఆపి, చెట్టు పడగొట్టి, లెక్కపెడతాడు. సరిగ్గా సరిపోతుంది. మనం త్రిఫల చూర్ణంలో వాడే ఆ తానికాయలే పాతకాలంలో పాచికలట. పాచిక ఉన్నచోట లెక్క ఉంటుంది, లెక్క ఉన్నచోట నలుడిలాంటి అనుమానపు మనిషీ ఉంటాడు.

ఆ అనుమానపు మనిషిని మెప్పించిన సాధనం అవ్రే. డిస్కార్డ్ అనే చాట్ వేదిక మీద ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడేవాళ్ల కోసం ఆండ్రూ ఝూ అనే అభిమాని రాసిన చాట్‌బాట్ అది. ఆట పాతదే, 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఆ పాత్రకు బలమెంత, తెలివెంత, దెబ్బకు ఎంతసేపు ఓర్చుకుంటుంది అన్నీ అంకెలే.

మచ్చుకు ఒక పాత్రను కల్పిద్దాం. నిజాంసాగర్ గేట్ల దగ్గర కాపలా కాసే యోధుడు మల్లయ్య. ఆడేది ఎల్లారెడ్డి కుర్రాడు, కథ నడిపేది కామారెడ్డిలో ఉన్న అతని దోస్తు. మల్లయ్య బలం 16. అందులోంచి 10 తీసేసి సగం చేస్తే 3, కత్తి దూసినప్పుడల్లా ఆ మూడు కలుస్తుంది. బలం 15 అయితే రెండున్నర వస్తుంది, కిందికి దించి 2. మరి మల్లయ్య తెలివి 9 అయితే? మైనస్ అర వస్తుంది. కిందికి దించడమంటే సున్నా కాదు, మైనస్ 1. నాసిరకం బాట్లు బోర్లాపడేది ఇక్కడే. సీ, జావా వంటి భాషల్లో పూర్ణాంకాల భాగహారం సున్నా వైపుకు లాగుతుంది. పైథాన్‌లో రెండు గీతల భాగహారం నిజంగానే కిందికి దించుతుంది. నియమం చదవకుండా కోడ్ రాసినవాడి చేతిలో మల్లయ్య ఉత్తపుణ్యానికి ఒక మెట్టు తెలివైనవాడైపోతాడు.

ప్రాణశక్తి లెక్క ఇంకా పొడుగు. యోధుడికి పది ముఖాల పాచిక, దేహదారుఢ్యానికి 2 కలుస్తుందనుకుంటే మొదటి లెవెల్‌లో 12. తర్వాత ప్రతి లెవెల్‌కూ సగటు లెక్కన 8. అయిదో లెవెల్‌కు 44. ఇదంతా కాగితం మీద చేస్తే, లెవెల్ పెరిగినప్పుడల్లా రబ్బరు అరిగిపోవాల్సిందే.

అయితే అవ్రే గొప్పతనం కూడికల్లో లేదు, కూడిక చూపించే తీరులో ఉంది. పాత్రకు అంకె కట్టే పద్ధతుల్లో ఒకటి మామూలు పాచికలు నాలుగు వేసి, అన్నిట్లో చిన్నది పారేయడం. మూడు పాచికల సగటు 10.5, ఈ పద్ధతిలో 12.24. పద్దెనిమిది పడే అవకాశం 216లో ఒకటి ఉండేది, 1,296లో 21కి పెరుగుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఏది పారేశారో తెలియకపోతే కొట్లాటే. అవ్రే ఆ చిన్న పాచికను మాయం చేయదు, అంకె మీద గీత కొట్టి అక్కడే ఉంచుతుంది. అరుగు మీద పచ్చీసు ఆడేటప్పుడు గవ్వలు అందరి కళ్లముందే పడ్డట్టు! ఎంత చిన్న పని, ఎంత పెద్ద మర్యాద!

ఈ లెక్కల పద్దు పరిశోధకులకూ పనికొచ్చింది. ఝూ బృందం 2023లో ప్రకటించిన ‘ఫైర్‌బాల్’ అనే డేటాసెట్‌లో నిజంగా ఆడిన దాదాపు 25,000 ఆటల రికార్డు ఉంది. అవ్రే దాచిన ఆట స్థితిని అందిస్తే భాషా నమూనాలు కథ మెరుగ్గా చెప్పాయని అందులో తేలింది.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పాచిక వేయమంటే వేయకుండానే నోటికొచ్చిన అంకె చెప్పే మాటకారి బాట్లు వచ్చిపడ్డాయి. విడిగా పాచిక వేసే ప్రోగ్రాం తోడు లేకపోతే భాషా నమూనా చెప్పేది పడ్డ అంకె కాదు, పడివుంటుందనిపించే అంకె. దాన్ని ఆట అనడానికి నోరెలా వస్తుందో! జవాబు మాత్రం చూపి దారి దాచేవి, ఆ దారి చూడాలంటే చందా కట్టమనేవి ఇంకో రకం.

అసలైనవాటికి కష్టాలు తక్కువేం కాదు. డిస్కార్డ్ బాట్లలో చాలావాటికి ఆధారమైన పైథాన్ లైబ్రరీని దాని రచయిత 2021 ఆగస్టులో ఆపేస్తున్నానన్నాడు, మళ్లీ 2022 మార్చిలో చేపట్టాడు. ఆ ఏడాదే పెద్ద బాట్లు అనుమతి లేకుండా సందేశాలు చదవకుండా డిస్కార్డ్ కట్టడి చేసింది. 2023 జనవరిలో ఆట యజమాని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ లైసెన్సు బిగించబోతే అభిమానులు భగ్గుమన్నారు. కంపెనీ వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్‌లో పెట్టేసింది. అవ్రే అంతకుముందే డీ అండ్ డీ బియాండ్ గూటికి చేరింది, ఆ గూడు కూడా ఇప్పుడు ఆ కంపెనీదే. మూతి ముడిచేవాళ్లు ముడవనీ, కోడ్ మాత్రం ఇప్పటికీ బయటే ఉంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి కాలేజీల్లో కంప్యూటర్ చదివే పిల్లలు ఆ కోడ్ ఒకసారి తెరిచి చూడాలి. మూల నియమాలను వాటి కంపెనీ పేరు చెప్పి తెలుగులోకి తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. బలం, చురుకుదనం, తెలివి అని తెలుగులో అడిగితే తెలుగులో లెక్క విప్పి చెప్పే బాట్ ఒక సెలవుల్లో చేయగలిగిన పని. చేశాక మొదట 9 ఇచ్చి చూడండి. సున్నా వచ్చిందంటే దాన్ని ఇంకా దోస్తులకు పంపొద్దు.