ఫ్లాష్ ఆపేశాక మిగిలేది ఫిల్మ్ ఒక్కటే

వాడి పారేసే కెమెరాతో రాత్రిపూట తీసిన ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. తెల్లగా పాలిపోయిన ముఖాలు, వెనక నల్లటి చీకటి. అందులోని చిన్న ఫ్లాష్ మూడు మీటర్లు దాటి పెద్దగా వెలిగించలేదు. పైగా ఆ గదికున్న అసలు వెలుగును, దీపం పసుపునీ దుకాణం బోర్డు ఎరుపునీ, తుడిచేస్తుంది. ఆ వెలుగే కావాలనుకునేవాళ్లు ఫ్లాష్ ఆపేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మసక వెలుగును పట్టడానికి ఫొటోగ్రాఫర్లకు మూడు దారులున్నాయి. మొదటిది సమయం. 1930ల్లో ప్యారిస్ రాత్రులను తీసిన బ్రాసాయ్ కెమెరాను స్టాండు మీద నిలిపి, షట్టరు తెరిచి ఉంచి, సిగరెట్టు కాలేంత సేపును కొలతగా వాడేవాడు. రెండోది లెన్సు. 1975 నాటి ‘బారీ లిండన్’ సినిమాలో కొవ్వొత్తుల వెలుగులో జరిగే సన్నివేశాలకు స్టాన్లీ క్యూబ్రిక్ ఎఫ్/0.7 జైస్ లెన్సు వాడాడు. మూడోది ఫిల్మ్ వేగం.

వాడి పారేసే కెమెరాలో మొదటి రెండూ మూసుకుపోయాయి. ఫుజీఫిల్మ్ క్విక్‌స్నాప్‌నే తీసుకుంటే లెన్సు ఎఫ్/10, షట్టరు తెరుచుకునేది సెకనులో 140వ వంతు. రెండూ మార్చలేనివి. క్యూబ్రిక్ లెన్సు దీనికి రెండు వందల రెట్ల వెలుగును లోపలికి పంపేది. గోడకు ఆనించినా, స్టాండు ఎక్కించినా లాభం లేదు, షట్టరు ఒక్క క్షణం కూడా అదనంగా తెరుచుకోదు.

ఇక చూసుకోవాల్సింది అట్ట మీద ఫిల్మ్ వేగాన్ని చెప్పే ఐఎస్ఓ అంకె. క్విక్‌స్నాప్‌లో 400 ఐఎస్ఓ ఫిల్మ్ ఉంటుంది, కొడాక్ ఫన్‌సేవర్‌లో 800. అంకె రెట్టింపైతే సగం వెలుగే సరిపోతుంది కాబట్టి ఫ్లాష్ లేకుండా తీసేవాళ్లు 800 కొనడమే మేలు. అయితే దాని హద్దు తెలిసి ఉండాలి. క్విక్‌స్నాప్ అమరిక మబ్బు పట్టిన పగటికి సరిపోతుంది. రాత్రి ఇంట్లో బల్బు వెలుగు దానికి యాభై రెట్లకు పైగా తక్కువ. అక్కడ బొమ్మ నిండుగా పడాలంటే 20,000 దాటిన ఐఎస్ఓ కావాలి. ఒకప్పుడు ఫుజీఫిల్మ్ 1600 ఫిల్మ్‌తోనూ ఈ కెమెరాలు అమ్మింది. అదీ ఆ దూరాన్ని దాటలేదు.

కలర్ నెగటివ్ మాత్రం రెండు స్టాపుల కొరతను, అంటే కావాల్సిన వెలుగులో నాలుగో వంతే పడటాన్ని, ఎలాగోలా ఓర్చుకుంటుంది. నీడలు బురదరంగుకు తిరుగుతాయి, గ్రెయిన్ లేస్తుంది, అయినా బొమ్మ నిలుస్తుంది. అందుకే 800 ఫిల్మ్‌తో సూర్యుడు దిగిన వెంటనే ఆకాశం, పగలు కిటికీ పక్కన కూర్చున్న మనిషి, వెలిగే నియాన్ బోర్డులు, గట్టి లైట్లున్న వేదిక దొరుకుతాయి. మనిషిని తీయాలంటే ముఖాన్ని దీపం వైపు తిప్పి, దీపానికి వీలైనంత దగ్గర నిలబెట్టాలి. ఫొటో అంతా వెలగాలన్న పట్టుదల వదిలేస్తే, చీకట్లోంచి చెంప ఒక్కటే తేలిన ఫొటో ఫ్లాష్ ఫొటో కన్నా ఎంతో నిజంగా ఉంటుంది.

నలుపు తెలుపులో ఇంకాస్త వెసులుబాటుంది. ఇల్ఫర్డ్ వాడి పారేసే కెమెరాలోని హెచ్‌పీ5 ప్లస్ పేరుకు 400 అయినా, ఎక్కువ సేపు కడిగితే 1600 దాకా సాగుతుంది. దీన్నే పుష్ చేయడం అంటారు. నీడల్లో అసలు పడని వివరాన్ని అది పుట్టించదు, పలచగా పడినదాన్ని గట్టిపరుస్తుంది. కడిగేటప్పుడు రీలు మొత్తానికీ ఒకే కొలత కాబట్టి ఎండలో తీసే ఫొటోలకు వేరే కెమెరా ఉంచుకోవాలి. ల్యాబుకు ఇచ్చేటప్పుడు ‘రెండు స్టాపులు పుష్’ అని అట్ట మీదే పెన్నుతో రాయాలి, లేకపోతే మిగతా రీళ్లతో పాటే మామూలుగా కడిగేస్తారు.