అతుకు తెలియని అల్లిక

షార్జాలో మా భోజనాల బల్ల మీద పరిచి ఉండే తెల్ల లేసు గుడ్డ మా అమ్మ చేతిది. చూసినవాళ్లు ముందుగా పూలను మెచ్చుకుంటారు. పూలు బాగుంటాయి, నిజమే. అసలు పనితనం మాత్రం పువ్వుకీ పువ్వుకీ మధ్య ఉంది. నరసాపురం వైపు దాన్ని అతుకుపని అంటారు. అమ్మ బతుకంతా ఆ పనే చేసింది. ఆవిడ గురించి రాయాలంటే నాకు మొదట రాయాలనిపించేది కూడా దాని గురించే.

ముందు ఒక పువ్వు ఎలా తయారవుతుందో చెప్పాలి. కుడిచేతిలో కొక్కెం ఉన్న లేసు సూది, ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకున్న సన్నటి నూలుదారం. ఇంతకు మించి పనిముట్లేమీ లేవు. కొన్ని గొలుసులు అల్లి, మొదలూ చివరా కలిపి చిన్న వలయం చేస్తారు. ఆ వలయంలోంచి దారాన్ని సూదికి చుట్టి లాగుతూ నిలువు అల్లికలు లేపుతారు. ఆ పైన మరో వరస, మరో వరస. ప్రతి వరసలోనూ కుట్లు లెక్క ప్రకారం పెరగాలి. తక్కువ పెరిగితే పువ్వు లోపలికి ముడుచుకుపోతుంది. ఎక్కువ పెరిగితే అంచు కుచ్చిళ్లు పడి బల్ల మీద చదునుగా కూర్చోదు. అమ్మ ఈ లెక్క పైకి అనేది కాదు, పెదవి కూడా కదిపేది కాదు. పక్కింటావిడతో మాట్లాడుతూ, పొయ్యి మీద చారు పొంగుతోందేమోనని ఓ చెవి అటు పడేసి, మధ్యలో మమ్మల్ని కేకలేస్తూ అల్లేది. ఎక్కడైనా ఒక కుట్టు తప్పిందనిపిస్తే ఒక్క లాగుకి గంటసేపటి పనిని విప్పేసేది. మాకు ప్రాణం ఉసూరుమనేది. ఆవిడ ముఖంలో మాత్రం విసుగు కనిపించేది కాదు.

ఇక అతుకుపని. ఒక పెద్ద దుప్పటికి పూలు ఒకే చేతి మీదుగా రావు. ఒక ఊరిలో పదిమంది ఆడవాళ్లు తలా కొన్ని అల్లి ఇస్తారు. నమూనా ఒకటే, దారమూ ఒకటే, కానీ ఏ ఇద్దరి చేతి బిగువూ ఒకటి కాదు. ఒకరు గట్టిగా లాగి అల్లుతారు, వాళ్ల పువ్వు ఒక నూలువాసి చిన్నదవుతుంది. మరొకరి చెయ్యి వదులు, వాళ్ల పువ్వు సాగుతుంది. వీటిని ఉన్నవి ఉన్నట్టు వరసగా కలిపేస్తే గుడ్డ ఒక చోట లాగేసుకుని, మరో చోట ఉబ్బుతుంది. అందుకే అమ్మ అతకడానికి ముందు పూలన్నిటినీ చాప మీద పరిచి కాసేపు ఊరికే చూసేది. చిన్నవాటిని, పెద్దవాటిని వేరు చేసి, పక్కపక్కన ఏవి ఉండాలో తేల్చుకునేది. ఆ తర్వాత తేడా ఎంత ఉంటే అంతా పువ్వుకీ పువ్వుకీ మధ్య తాను అల్లే గొలుసులో సర్దేది. బిగువు పువ్వు దగ్గర తన గొలుసును ఒక పిసరు వదులు చేసేది, వదులు పువ్వు దగ్గర తానే బిగించేది. నాలుగు గుండ్రటి పూలు కలిసేచోట నాలుగు మూలల ఖాళీ మిగులుతుంది. అందులోకి ఓ చిన్న చుక్క పువ్వు అల్లి, నాలుగు వైపులకీ తగిలించేది. దారం అయిపోయిన చోట ముడి వేసి కత్తిరించడం ఆవిడకి నచ్చేది కాదు. కొసను వెనకవైపు కుట్లలోంచి దూర్చి, దూర్చి, కనపడకుండా చేసి అప్పుడు తెంపేది. మా గుడ్డను తిరగేసి ఎన్నిసార్లు వెతికినా కొన్ని కొసలు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఈ విద్య గోదావరి ఒడ్డుకు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ కుటుంబాల ఆడవాళ్లతో వచ్చింది. నరసాపురం, పాలకొల్లు, రాజోలు చుట్టూ ఊళ్లలో అరుగు అరుగుకీ పాకింది. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అయిన పనిని తూచి తీసుకెళ్తాడు. సరుకు ఐరోపాకి, అమెరికాకి వెళుతుంది. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారి మీద ఒక పుస్తకం రాసింది. వీళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీదే కూర్చుంటున్నారనీ, అయినా వీళ్లను పనివారుగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసుకునే గృహిణులుగానే లెక్కిస్తున్నారనీ అందులో చూపించింది. తీరిక అన్న మాట అమ్మకి అస్సలు వర్తించదు. వంట, గేదెలు, పిల్లలు, మంచాన పడ్డ మా నాయనమ్మ, ఇవన్నీ అయ్యాక మిగిలిన వెలుతురులో ఆవిడ అల్లింది. ఆ కూలి డబ్బుతోనే నా కాలేజీ ఫీజుల్లో సగం కట్టారు. కుటుంబమే లోకంగా బతికిన మనిషి అని అమ్మను అందరూ అంటారు. ఆ లోకాన్ని ఏ కూలితో నిలబెట్టిందో కూడా దానితో కలిపి చెప్పాలి.

మా కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్ల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లారు. నేను ఉద్యోగానికి షార్జా వచ్చాను. నాన్న పోయాక అమ్మను కూడా తెచ్చుకున్నాను. ఏడాదికోసారి ఆవిడ వీసా కొత్తగా చేయించుకుంటూ ఉండేవాళ్లం. ఎడారిలో ఏం తోస్తుంది నీకు అని ఊళ్లోవాళ్లు ఫోన్లో అడిగితే, “ఇక్కడ కరెంటు పోదే, రాత్రిళ్లు కూడా అల్లుకోవచ్చు” అనేది. బాల్కనీ పక్కన కుర్చీ వేసుకుని మనవరాలికి గొలుసు నేర్పింది. మనవడికి ఫ్రిజ్ మీద కప్పే గుడ్డ అల్లి ఇచ్చింది, వాడు అడిగాడు మరి! పిల్లలిద్దరికీ తెలుగు బాగా వచ్చిందంటే అమ్మమ్మ కుర్చీ పక్కన కూర్చున్నందుకే.

ఏటా జరిగే షార్జా హెరిటేజ్ డేస్‌కు ఒకసారి ఆవిడను తీసుకెళ్లాం. పాత షార్జాలో, పగడపు రాతి గోడల ఇళ్ల మధ్య ఆ పండగ జరుగుతుంది. ఒక వసారాలో ముఖానికి బంగారు రంగు బుర్ఖా కట్టుకున్న ఇమారాతీ పెద్దావిడ తల్లీ అల్లుతోంది. మాట మన తల్లిలా వినిపిస్తుంది గానీ అది అరబ్బుల మెరుపు పట్టీ పేరు. అమ్మ అక్కడే చతికిలబడింది.

లోహపు స్టాండు మీద ఒక దిండు. ఆ స్టాండును కాజూజా అంటారు. దారాల మొదళ్లను దిండుకి గుండుసూదులతో గుచ్చి, రెండో కొసలను చిన్న చిన్న ఉండలుగా చుట్టి రెండు వైపులా వేలాడదీస్తారు. మధ్యలో వెండి రంగు చదును పోగు. ఇటు దారం అటు, అటు దారం ఇటు దాటిస్తూ, ప్రతి దాటుకీ ఆ మెరుపు పోగును మీదికి తెస్తూ వేలెడంత వెడల్పు పట్టీ అల్లుతారు. తర్వాత దాన్ని ఆడవాళ్లు తొడుక్కునే పొడుగు గౌను కందూరా మెడకూ, చేతుల అంచులకూ, లోపలి సల్వారు కాలి పట్టీకీ కుడతారు. ఈ పనిలో కష్టం ఎక్కడుందో అమ్మ నాకన్నా ముందే పట్టుకుంది. నూలు వంగుతుంది, లోహపు పోగు అంత సులువుగా వంగదు. ఒక్కసారి మెలిక పడిందా, ఆ చోట మెరుపు చస్తుంది, పట్టీ పొడుగునా ఆ మచ్చ తెలుస్తుంది. పైగా అన్ని దారాలూ ఒకే బరువుతో వేలాడాలి. ఒకటి వదులైతే పట్టీ ఒక పక్కకి వంకర తిరుగుతుంది. “సూదే లేదే! అంతా వేళ్లతోనే లాగుతోందే!” అని అమ్మ ఒకటే ఆశ్చర్యపోయింది.

అమ్మ తన సంచిలోంచి సగం అల్లిన లేసు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ పెద్దావిడ పువ్వు వైపు చూడలేదు. ముందు వెనక్కి తిప్పింది. కొసల కోసం వేలితో తడిమింది. తర్వాత “మాషా అల్లా” అంది. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఇద్దరూ చాలాసేపు ఒకరి పనిని ఒకరు తిరగేసి చూసుకుంటూనే ఉన్నారు. పనివాళ్లు మెచ్చుకునే తీరు అదే. ఆ రోజు అమ్మకు దొరికిన మెప్పు ఏ ఏజెంటూ ఇచ్చింది కాదు.

తల్లీ కూడా తల్లుల నుంచి కూతుళ్లకు, అమ్మమ్మల నుంచి మనవరాళ్లకు ఇళ్లల్లోనే వచ్చిన విద్య. 2022లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ల సదూ నేతను 2011లోనే తక్షణం కాపాడుకోవలసిన వాటిలో చేర్చారు. షార్జాలో 2015లో ఏర్పడిన ఇర్థి చేతిపనుల మండలి, దిబ్బా అల్ హిస్న్‌లోని ఆడవాళ్లకు తల్లీ పనిలో శిక్షణ ఇచ్చి, పని కూడా కల్పిస్తోంది. నరసాపురం లేసుకీ 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఆలస్యంగానైనా. ఒక్క తేడా మాత్రం నాకు బాధగా ఉంటుంది. ఇక్కడి అమ్మమ్మలు అతిథుల ముందు కూర్చుని తమ పనిని తామే చూపించుకుంటున్నారు. మా ఊళ్ల ఆడవాళ్లు అల్లింది దేశాలు దాటింది, అల్లిన మనిషి మాత్రం అరుగు మీదే ఉండిపోయింది.

చివరి ఏళ్లలో అమ్మకు కళ్లు తగ్గాయి. తెల్లదారం మానేసి, కనబడుతుందని ముదురు నీలం దారం తెప్పించుకుంది. ఆ నీలం పూలు పెద్దవి, కుట్లు కాస్త వదులు. కానీ అతుకు మాత్రం చెడలేదు, కంటికి కనపడనిది వేలికి తెలిసేది. ఎనభై ఆరో ఏట పోయింది. నీలం పూలు కొన్ని కలపకుండా మిగిలాయి. మా అమ్మాయి వాటిని ఇప్పుడు అతుకుతోంది. దాని గొలుసు ఇంకా బిగువు, అతుకు తెలుస్తోంది. అమ్మ బతికుంటే తప్పకుండా విప్పించేది, నేనూ విప్పిస్తున్నాను.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు ఒక మనవి. సంక్రాంతికీ ఉగాదికీ వేదిక మీద పాటలూ నాటికలూ ఎలాగూ పెడతారు. ఈసారి పక్కన ఒక చాప కూడా వేయించండి. కొడుకుల దగ్గరికీ కూతుళ్ల దగ్గరికీ వచ్చి ఉంటున్న అమ్మమ్మలను, మామ్మలను వాళ్ల సూదీ దారంతో అక్కడ కూర్చోబెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోమనండి. చూడటానికి వచ్చినవాళ్లను పనిని తప్పకుండా వెనక్కి తిప్పి చూడమనండి, కొసలు ఎక్కడ దాచారో అల్లినవాళ్లనే అడగమనండి.