సమాధుల తోటలో కొడవలి

అక్టోబరు ఆఖరి వారం వచ్చిందంటే కొడవలికి పదును పెట్టించుకుంటాను. నవంబరు 2న మా క్రైస్తవుల సమాధుల పండగ. ఆ సాయంత్రం కృష్ణా డెల్టాలో చాలా ఊళ్ళ పొలిమేరల్లో బంతిపూల దండలూ కొవ్వొత్తుల వరసలూ కనిపిస్తాయి. ఆ ముందు వారమంతా శుభ్రం చేసే పని. ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో ఆ పనికి వెళ్తున్నాను.

కాగితాల్లో బరియల్ గ్రౌండ్ అని రాసినా, మా నోటికి వచ్చే మాట సమాధుల తోట. తోట అని పిలిచాక తోటలాగే చూసుకోవాలనేది మా మేనత్త. పని నేర్పిందీ ఆవిడే. మొదటి ఏడాది నేను ఉత్సాహం కొద్దీ మా తాతయ్య సమాధి మీది గరికనంతా వేళ్ళతో సహా పీకి కుప్ప పోశాను. అత్త తిట్టలేదు. పక్కన చతికిలబడి, "వానొస్తే ఈ మట్టి దేన్ని పట్టుకుని నిలబడుద్దిరా?" అంది. మా తోటలో సగం సమాధులకు సిమెంటు లేదు, మట్టి దిబ్బలే. ఆ నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వదలకుండా కురిసింది. తాతయ్య దిబ్బ ఒక పక్కకు కుంగింది. నాలుగు గంపల మట్టి మోసి సరిచేశాను. అప్పటినుంచి గరికను చీలమండ ఎత్తున కోస్తానే గానీ పీకను.

పీకాల్సినవి లేకపోలేదు. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని వేరుతో లాగేయాలి. ఒంటికి తగిలితే దద్దుర్లు. సర్కారు తుమ్మ మొలకగా ఉన్నప్పుడు రెండు వేళ్ళకు వస్తుంది, ఏడాది ఆగితే గడ్డపార కావాలి. ఇటుక పగుళ్ళలో రావి రెండాకులు వేసిందంటే ఆ రోజే తీసేయాలి, పెరగనిస్తే సమాధినే చీలుస్తుంది. ఉత్తరేణిని దారి పక్కన కోస్తే చాలు, పండగ నాడు చీర అంచులకు గింజలు అంటుకోవు. తుమ్మి, గడ్డి చామంతి, నేల ఉసిరి, అత్తిపత్తి ఎవరికీ అడ్డం రావు. వాటిని ముట్టుకోను.

ఈ చిన్న మొక్కల మీద ఎందుకింత పట్టుదల అంటే, మా చుట్టుపక్కల ఇవి నిలిచే చోటు ఇంకోటి లేదు. తోట దాటితే రెండు పంటల వరి. వరి లేనిచోట చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చివరికి గట్ల మీద కూడా మందు కొడుతున్నారు. నాలుగు తరాలుగా నాగలి పడని నేల మా ఊళ్ళో ఇదొక్కటే.

జిల్లేడు దగ్గరే ప్రతి ఏడూ వాదన. జిల్లేళ్ళు మొలిచాయంటే కొంప పాడుబడిందని మనవాళ్ళ లెక్క. అమ్మానాన్నల సమాధి పక్కన జిల్లేడు కనిపిస్తే ఊరంతా తమను ఏమనుకుంటుందోనని హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలకు బెంగ. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అందుకే వాదించకుండా ఒక ఆకు తిప్పి చూపిస్తాను. అడుగున నలుపూ తెలుపూ చారలు, మధ్యమధ్య పసుపు చుక్కలు, వీపు మీద మూడు జతల నల్లటి మీసాల్లాంటి కొమ్ములున్న గొంగళి పురుగు. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, రెక్క కొసన తెల్ల మచ్చలతో మన దొడ్లలో నింపాదిగా తిరిగే సీతాకోకచిలుక పిల్ల అది. జిల్లేడు పాలలోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు. గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది. అక్టోబరు చివర జిల్లేడు నరికితే అందులో ఏ దశలో ఉన్నది ఆ దశలోనే పోతుంది. మరీ సమాధిని కప్పేస్తుంటే కొమ్మలు కత్తిరిస్తాను, మొదలు ఉంచుతాను.

పాత చర్చి గోడ తొర్రలో చావు పిట్ట ఉంది. మొహం హృదయాకారంలో తెల్లగా, అరుపు చీల్చినట్టుగా ఉండే గుడ్లగూబ. ఆ పేరు దాని పాలిట శాపమైంది. రాళ్ళు విసురుతారు. తొర్ర కింద అది కక్కిన ఉండలు పడుంటాయి. ఒకటి నీళ్ళలో నానబెట్టి విప్పితే బూడిద రంగు వెంట్రుకల మధ్య ఎలుకల దవడలు, పుర్రెలు, పంటి వరసతో సహా కనిపిస్తాయి. వరి వెన్నులు కొరికే ఎలుకల కోసం వేలు ఖర్చు పెట్టే ఊరు మాది. చావు ఎవరికి తెస్తోందో ఆ ఉండలో ఉంది.

ఒక ఏడాది పని తేలిగ్గా అవుతుందని తోటంతా గడ్డి మందు కొట్టించారు. కొట్టించినవాళ్ళు మంచి మనసుతోనే చేశారు, మనుషులు దొరక్క చేశారు. పండగ నాటికి నేల గోధుమ రంగు చాపలా ఉంది. శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు కూడా. మరుసటి వానలకు ముందు లేచింది వయ్యారిభామ. ఖాళీ నేల దొరికితే అది వదులుతుందా! గరిక మళ్ళీ సర్దుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

సమాధి రాళ్ళ సంగతి బందరులో తెలుసుకున్నాను. అక్కడ 17వ శతాబ్దపు డచ్చివారి సమాధులున్నాయి. వంశ చిహ్నాలు, అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కిన పలకలు. అలాంటి పాత రాళ్ళ మీద గుండ్రంగా, బూడిద రంగులో పొలుసుల్లా ఉండేది మురికి కాదు, లైకెన్. మనం మసాలాలో వేసే రాతిపువ్వు జాతి. ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగనివి వాటిలో చాలా ఉన్నాయి. హిమానీనదాలు ఎప్పుడు వెనక్కి తగ్గాయో లైకెన్ వెడల్పును బట్టి లెక్కగట్టే పద్ధతిని 1950లో రోలాండ్ బెషెల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ముందుకు తెచ్చాడు. ఆ లెక్కకు కొలబద్దగా తేదీలున్న సమాధి రాళ్ళు బాగా పనికొచ్చాయి. మన వాళ్ళు పండగ ముందు యాసిడ్ పోసి ఇనప బ్రష్షుతో రుద్దుతారు. లైకెన్ పోతుంది, దాంతోపాటు అక్షరాల అంచూ పోతుంది. మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు చాలు. అక్షరాలు చదవగలిగితే రాయి శుభ్రంగా ఉన్నట్టే.

కిందటేడు సున్నం వేస్తుంటే ఒక సిమెంటు శిలువ చేతి కింద లేత ఆకుపచ్చ ప్యూపా వేలాడుతూ కనిపించింది, చిటికెన వేలి గోరు కన్నా కొంచెం పెద్దది, చుట్టూ బంగారు చుక్కలతో. పక్క సమాధి జిల్లేడు మీద నుంచి నడిచొచ్చి ఉంటుంది. శిలువంతా తెల్లగా వేసి ఆ చేయి వదిలేశాను. పండగ నాడు ఆ ఇంటి పెద్దావిడ కొవ్వొత్తులతో వచ్చి, "మా ఆయనకే తక్కువైందా సున్నం?" అంది. చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. కొవ్వొత్తులు రెండూ వేడి తగలకుండా అవతలి చేతి వైపు పెట్టింది.

"రెక్కలొచ్చి పోయాక వేద్దువులే నాయనా," అంది.