ఎవరితో మాట్లాడినట్టు?

కొన్నేళ్ల కిందట ఒక రేడియో కేంద్రం వాళ్లు తెలుగు కార్యక్రమంలో పొదుపు గురించి పది నిమిషాలు మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ కేంద్రం పేరు ఇక్కడ అనవసరం, తప్పు నాది కూడాను. మూడు రాత్రులు కూర్చుని రాశాను. 'మదుపు ఆవశ్యకత', 'నామినీ నియామకంలో పాటించవలసిన జాగ్రత్తలు' వంటి మాటలు ఏరి ఏరి పెట్టాను. స్టూడియోలో కాగితం చప్పుడు కాకుండా చదివి, భుజం తట్టించుకుని ఇంటికొచ్చాను. ప్రసారమైన రోజున మా అమ్మ రేడియో పక్కనే కూర్చుని ఆసాంతం విన్నది. విని, "బాగానే ఉండాది నాయనా. ఇంతకీ ఎవురితో మాట్లాడినావు నువ్వు?" అని అడిగింది.

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో వోచర్లమీద సంతకాలు పెడుతున్నవాణ్ణి. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నామినేషను గురించి కౌంటరు దగ్గర నేను రోజూ మాట్లాడతాను. "పెద్దమ్మా, ఈ గడిలో కొడుకు పేరు వేద్దామా, మిమ్మల్ని చూసుకుంటున్న కూతురి పేరు వేద్దామా?" అంటాను. ఆ పెద్దమ్మ కాసేపు ఆలోచిస్తుంది. క్యూలో వెనకున్నవాళ్లు కూడా చెవులు రిక్కిస్తారు. అదే మనిషిని, అదే విషయాన్ని మైకు ముందు పెట్టేసరికి ఆ పెద్దమ్మ మాయమైపోయింది. రేడియోలో మాటతో బతికేవాళ్లు నెగ్గడానికీ ఓడడానికీ నేను చూసినంతలో కారణం ఇక్కడే ఉంది.

మా అమ్మకు ఆ ప్రశ్న అడిగే అర్హత ఉంది. ఆమె చిన్నతనమంతా మద్రాసు కేంద్రం వింటూ గడిచింది. 1938 జూన్ 16న మొదలైన ఆ కేంద్రంలో తెలుగు పిల్లల కార్యక్రమం న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల చేతుల్లో పెరిగింది. ఊరూరా పిల్లలకు వాళ్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. అమ్మ చెప్పేదాన్ని బట్టి, ఆ కార్యక్రమంలో అందం పాటల్లో కంటే పిల్లల అల్లరిలో ఉండేదట. ఒకడు మాట మరిచిపోతే అన్నయ్య అందించడం, ఇంకొకతె ముందే నవ్వేయడం, అన్నీ గాలిలోకి వచ్చేసేవి. ఇంట్లో వింటున్న పిల్ల తను కూడా ఆ గదిలోనే ఉన్నాననుకునేది. వాళ్లు రేడియోతో ఆగలేదు. 1945లో 'బాల' పత్రిక పెట్టారు, బాలానంద సంఘం నడిపారు. 1956లో ఆ దంపతులు హైదరాబాదుకు తరలివెళ్లారు. రాష్ట్రాలు విడిపోయినప్పుడు మద్రాసులో మిగిలిన మనం ఏమేం పోగొట్టుకున్నామో లెక్క రాసేవాళ్లు ఈ పద్దు కూడా రాసుకోవాలి.

నా వంతుకు దొరికినవాడు ఉషశ్రీ. వేసవి సెలవుల్లో గూడూరు వెళ్లినప్పుడు, ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నుంచి 'ధర్మసందేహాలు' వినడానికి మా తాతగారింట్లో అన్నం కంచాలు ఆగిపోయేవి. అమెరికాలో టాక్ రేడియో అనేదానికి తెలుగులో దగ్గరగా వచ్చినది అదొక్కటేనేమో. టెలిఫోన్లు లేవు, ఉత్తరాలే. ఎవరో ఒక ఊరినుంచి భారతంలో ఫలానావాడు అలా ఎందుకు చేశాడని రాస్తే, ఆయన ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు జవాబిచ్చేవాడు. మెచ్చుకునేవాడు, విసుక్కునేవాడు, చీవాట్లు కూడా పెట్టేవాడు. ఆయన చెప్పిందంతా నేను ఒప్పుకోను. ఆ రోజుల్లోనే మా మామయ్య రేడియోతో పోట్లాడేవాడు. పోట్లాడదగ్గ మనిషి అవతల ఉన్నాడనే కదా పోట్లాడటం! నా పొదుపు ప్రసంగంతో ఎవరు పోట్లాడతారు? 1990లో ఉషశ్రీ పోయాక ఆ ఉత్తరాల కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోయింది.

డబ్బు సంగతి చూడకుండా ఈ విషయం తేల్చడం నాబోటివాడికి కుదరదు. మన ఊళ్లో 1924లో ఔత్సాహికులు పెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు మూడేళ్లు నడిచి, ఖర్చు పెట్టుకోలేక 1927లో మూతపడింది. తరవాత 1930లో కార్పొరేషను ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు లేక పోయిన కేంద్రానికి కనీసం లెక్కల పుస్తకం మిగులుతుంది. డబ్బు ఉండీ, సిబ్బంది ఉండీ, వినేవాడు మెల్లగా లేచి వెళ్లిపోయిన కార్యక్రమానికి ఏ పుస్తకంలోనూ పద్దు ఉండదు. మన తెలుగు కార్యక్రమాల్లో చాలావాటిది ఈ రెండో చావు.

డబ్బు బాగా వచ్చినా మరొక ప్రమాదం ఉంది. అమెరికాలో రెండు పక్షాల వాదనా వినిపించాలన్న నిబంధన 1987లో పోయింది. మరుసటి ఏడే రష్ లింబా అనే ఆయన కార్యక్రమం దేశమంతటా మొదలై, వందల కేంద్రాలకు పాకింది. గొప్ప విజయమే. కానీ ఒక్కడి మాటను అన్ని ఊళ్లకూ పంచడం చవక కాబట్టి ఎన్నో ఊళ్లలో ఆ వేళకు మాట్లాడే సొంత మనిషి లేకుండా పోయాడు. దూరాన ఉన్నవాడికి మన కోపం తెలుస్తుంది గాని మన వీధి తెలియదు.

మన దగ్గర ప్రైవేటు ఎఫ్.ఎం.లకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు గనుక వాళ్లకు సినిమా, హాస్యం, ట్రాఫిక్కే మిగిలాయి. ఆ కాస్త చోటులోనే చెన్నై తమిళ వ్యాఖ్యాతలు ఇల్లు కట్టుకున్నారు. మిర్చిలో 'హలో చెన్నై' నడిపిన సుచి, బిగ్ ఎఫ్.ఎం.లో 'క్రాస్ టాక్' చేసిన బాలాజీ పుస్తకాల తమిళం మాట్లాడలేదు. ఆటోస్టాండులో వినబడేదే మాట్లాడారు. ఎవరికో ఫోను చేసి వాళ్లను ఉడికించి మనల్ని నవ్వించే ఆ 'క్రాస్ టాక్' పద్ధతి నాకు నచ్చదు. ఒకడి ఇబ్బంది పదిమందికి వినోదమవడం ఏం మర్యాద? అయినా 2015 డిసెంబరులో ఊరు మునిగినప్పుడు అదే బాలాజీ సహాయం పనుల్లో దిగితే జనం కదిలారు. ముందునుంచీ ఆ గొంతు తమ వీధి గొంతు కావడం వల్లనే కదిలారని నా నమ్మకం.

మరి చెన్నై తెలుగువాడి వీధి గొంతు ఏ రేడియోలో ఉంది? మనం ఇంట్లో "అంగడికి పోయొస్తా" అంటాం, మాట మాటకూ తమిళం దొర్లిస్తాం. రేడియోలో తెలుగంటే మాత్రం విజయవాడ తెలుగు, లేకపోతే నా ప్రసంగం తెలుగు. మన పిల్లలు అది విని, తాము మాట్లాడేది తెలుగు కాదేమోనని నోరు మూసుకుంటున్నారు. మా అబ్బాయే అలా మూసుకున్నాడు. పెళ్లిళ్లలో బంధువులు పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిస్తాడు.

యాస గురించి భయపడేవాళ్లు మాచునూరు వైపు చూడాలి. జహీరాబాదు దగ్గర ఆ పల్లెలో 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు నడిపారు. పంటలు, విత్తనాలు, పాటలు, అన్నీ మెదకు మాటలోనే. ఎవరి మాట దిద్దుకోమని ఎవరూ అనలేదు.

మనకూ దారి మూసి లేదు. మన అన్నా విశ్వవిద్యాలయంలోనే 2004లో దేశంలో తొలి క్యాంపస్ సామాజిక రేడియో మొదలైంది. 2006 విధానం వచ్చాక, లాభాపేక్ష లేని సంస్థలు రిజిస్టరై మూడేళ్లయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వంద వాట్ల చిన్న ప్రసారం, నాలుగు పేటలకు సరిపోతుంది. మన ఊళ్లో అంతకంటే ఎన్నో ఏళ్ల వయసున్న తెలుగు సంఘాలు ఉన్నాయి. నా దిగులు లైసెన్సు గురించి కాదు. లైసెన్సు వచ్చిన మర్నాడే మనం మైకు ముందు ఉగాది కవిసమ్మేళనం పెడతాం. అధ్యక్షోపన్యాసం నలభై నిమిషాలు. శాలువా కప్పే చప్పుడు కూడా ప్రసారం చేస్తాం.

నన్నడిగితే మైకు ఇవ్వవలసిన మనిషి మా బ్రాంచికి నెలనెలా పింఛను కోసం వస్తుంది. మాడవీధిలో పూలు అమ్మిన తెలుగామె. క్యూలో నిలబడి అందరి సంగతులూ అడుగుతుంది. ఒకరికి కషాయం చెబుతుంది, ఇంకొకరి కోడలి తరపున వాదిస్తుంది. కంప్యూటరు ఆగిపోయి గంట ఆలస్యమైన రోజున కూడా ఆమె ఉంటే మామీద ఎవరూ అరవరు. ఒకసారి, "మీరు రేడియోలో మాట్లాడతారా అమ్మా?" అని అడిగాను. "నాకేం తెలుసని? నాది అరవ తెలుగు సామీ!" అంది.

ఈ మధ్య మా అమ్మ పొద్దున పూట తమిళ ఎఫ్.ఎం. పెట్టుకుంటోంది. ఎనభై దాటినా చెవులు చురుకే. మొన్న ఆ కుర్రవాడెవరో, ఇవాళ మీ ఇంట్లో ఏం వండుతున్నారని తమిళంలో అడిగాడు. అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే, తెలుగులో చెప్పింది.