భూస్థాపన కూడికలో ఇంగ్లీషు మాటలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదుకు పడమట ఒక కొత్త నగరం లేచింది. కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ ప్రాంతాల్లో సంఘాలూ పెరిగాయి. ఈ సంఘాల్లో భూస్థాపన సమయాన పంచే కార్యక్రమ పత్రాలను చూస్తే, తెలుగు కుటుంబాల విషయంలో కూడా ఫ్యూనరల్ సర్వీస్, కాఫిన్, సిమెట్రీ, సెలబ్రేషన్ ఆఫ్ లైఫ్ అనే మాటలే తరచుగా కనిపిస్తాయి. 'పాడె', 'పూడ్చుట' మోటు మాటలనీ, ఇంగ్లీషు మాటలకు గౌరవం ఉందనీ చాలామంది భావన. ఈ భావన నిలిచేదేనా, కాపరి పరిచర్యపై దాని ప్రభావమేమిటి అన్నది ఇక్కడ పరిశీలిస్తున్నాము.

1. మాటల పుట్టుక

గౌరవంగా వినిపించే ఈ మాటల మూలాలు చాలా సామాన్యమైనవి. కాఫిన్‌కు మూలం గ్రీకు 'కొఫినొస్', అంటే గంప. అయిదు వేలమంది తిన్న తరువాత శిష్యులు మిగిలిన ముక్కలు ఎత్తిన గంపలకు మార్కు వాడిన మాట ఇదే (మార్కు 6:43). శవాన్ని తీసుకెళ్లే వాహనానికి ఇంగ్లీషులో 'హెర్స్' అని పేరు. దాని మూలం లాటిన్‌లో పొలం దున్నాక గడ్డలు పగలగొట్టే పళ్ల గొర్రు. శవపేటికపై కొవ్వొత్తులు నిలిపే చట్రం ఆ ఆకారంలో ఉండేది గనుక దానికి ఆ పేరు వచ్చింది, తరువాత బండికి మారింది. 'బియర్' అంటే మోసేది. 'వేక్' అంటే మెలకువగా ఉండుట. మన పల్లెల్లో శవజాగరణ అనేది అదే. శోకగీతమనే అర్థంలో వాడే 'డర్జ్' లాటిన్ ఆరాధనలో మృతుల కొరకైన ప్రార్థనలోని మొదటి మాట 'దిరిగే' నుండి వచ్చింది. అది నన్ను నడిపించుమని దేవుని వేడుకొనే మాట (కీర్తన 5:8).

అంటే ఇంగ్లీషువారు కూడా గంప, గొర్రు, మోత, జాగరణ అనే ఇంటి మాటలతోనే మరణాన్ని చెప్పుకున్నారు. మనకు వాటి అర్థం తెలియదు కాబట్టే అవి మర్యాదగా తోస్తున్నాయి.

2. తెలియక చేసే ప్రార్థన

ఎవరైనా మరణించగానే సంఘ సభ్యులు ఫోనులో పంపే 'ఆర్.ఐ.పి.' అనే మూడక్షరాలు మరింత ఆలోచించదగినవి. వాటి వెనుక ఉన్న లాటిన్ వాక్యం మృతుడు సమాధానంతో విశ్రమించును గాక అని కోరే ప్రార్థన. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలోని భూస్థాపన క్రమంలో మృతుల కొరకైన ప్రార్థన ఉండగా, 1552 సవరణలో దానిని తొలగించారు. దాని వెనుక పెద్ద వేదాంత వివాదమే ఉంది. ఆ ప్రార్థనను అంగీకరించని ప్రొటెస్టెంటు సంఘాల సభ్యులు ఈనాడు తెలియకుండానే దానిని రోజూ పంపుతున్నారు. అంగీకరించడమో మానడమో తెలిసి చేయాలన్నదే మా మాట.

3. తెలుగు మాటలూ పరీక్షకు లోబడినవే

తెలుగు మాటలన్నీ నిర్దోషమైనవని మేము చెప్పడం లేదు. 'పరమపదించిరి' వైష్ణవ సంప్రదాయపు మాట. 'సమాధి' యోగశాస్త్రంలో చిత్తైకాగ్రత. వాడుక వాటికి కొత్త అర్థమిచ్చింది. అయితే మన సంఘాలు సంపాదించుకున్న మంచి మాటలూ ఉన్నాయి. 'సిమెట్రీ'కి మూలమైన గ్రీకు మాటకు నిద్రించే చోటు అని అర్థం. పునరుత్థాన నిరీక్షణతో తొలి క్రైస్తవులు దానిని శవాలు పాతిపెట్టే స్థలానికి వాడారు. 'ప్రభువునందు నిద్రించిరి' అని మనం చెప్పినప్పుడు ఆ నిరీక్షణే పలుకుతుంది (1 థెస్స. 4:13). 'సిమెట్రీ' అన్నప్పుడు తెలుగువానికి అది వినబడదు. 'సమాధుల తోట' అన్న మాట యేసును ఉంచిన తోటను గుర్తుచేస్తుంది (యోహాను 19:41). ఇక మోటు మాట అనుకొనే 'పాడె' మన తెలుగు బైబిలులోనే ఉంది. నాయీను విధవరాలి కుమారుని మోస్తున్న పాడెనే ప్రభువు ముట్టాడు (లూకా 7:14).

4. ఆమేన్ ఎవరు చెప్పాలి?

ఐటి ఉద్యోగి ఒకరు చిన్న వయస్సులో మరణిస్తే, గుంటూరు నుండో ఖమ్మం నుండో తల్లిదండ్రులు వస్తారు. సహోద్యోగుల కోసమని కూడిక అంతా ఇంగ్లీషులో సాగితే, అందరికంటె ఎక్కువ ఆదరణ కావలసిన తల్లి ముందు వరుసలో కూర్చుండియు ఒక్క మాటా అందుకోలేదు. అర్థం కానివాడు ఆమేన్ ఎట్లు చెప్పునని పౌలు అడిగిన ప్రశ్న (1 కొరింథీ. 14:16) ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. పైగా 'సెలబ్రేషన్' అనే పేరు పెట్టాక ఆమె ఏడ్పుకు చోటెక్కడ? లాజరును లేపబోతున్నానని ఎరిగిన ప్రభువే అతని సమాధి దగ్గరకు వెళ్తూ కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35).

తమిళ, మలయాళ, ఉత్తరాది సభ్యులున్న సంఘాలకు ఇంగ్లీషు అవసరమే. దానిని మానమని మేము కోరడం లేదు. వాక్య పఠనం, ఆదరణ వర్తమానం, సమాధి యొద్ద అప్పగింపు ప్రార్థన, ఈ మూడైనా దుఃఖపడే కుటుంబపు భాషలో జరగాలి. మిగిలినవారికి అనువాదం చేయవచ్చు. ఎజ్రా కాలంలో లేవీయులు చేసినది అదే (నెహెమ్యా 8:8). పత్రం అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి కాపరీ ఇందులో ఏ మాట ఆ తల్లికి అర్థమవుతుందని ఒకసారి చదివి చూసుకోవాలి.