నిర్మూలించవలసింది వ్యాధిని, ఆదుకోవలసింది బిడ్డను

జాతీయ సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం గురించి మీరు వినే ఉంటారు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ఇది ప్రారంభమైంది. 17 రాష్ట్రాలలో 40 ఏళ్ళలోపు వారు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దీని లక్ష్యాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, జార్ఖండ్ కూడా ఇందులో ఉన్నాయి. లక్ష్యం మెచ్చదగినదే. కాని దారిని కాస్త పరీక్షించి చూడాలి.

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే ఈ వ్యాధికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

వ్యాధిని గర్భంలోనే గుర్తించవచ్చు. ఉమ్మనీటి కణాలలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి 1978లో కాన్, డోజీ అనే శాస్త్రజ్ఞులు దారి చూపారు. ఇప్పుడు 11-13 వారాల మధ్య మాయ నుంచి చిన్న తునక తీసి పరీక్షిస్తారు. 15 వారాలు దాటితే ఉమ్మనీరు తీస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. జంషెడ్‌పూర్ పక్కనున్న గమ్హరియానే తీసుకోండి. ఒకవైపు కర్మాగారాలు, మరోవైపు సంతాల్, హో గిరిజనుల పల్లెలు. అక్కడి కూలీ తల్లి ఒకామె ఐదో నెలలో మొదటిసారి ఆసుపత్రికి వచ్చిందనుకోండి. ముందు ఆమె రక్తం, తర్వాత భర్త రక్తం పరీక్షించాలి. ఆపైన జన్యుపరీక్షకు పెద్ద నగరానికి పంపాలి. ఫలితం చేతికి వచ్చేసరికి ఆరో నెల దాటుతుంది. పరీక్ష ఉన్నా దానికి తగిన సమయం ఆమెకు దక్కదు.

ఇక చికిత్స మాట. ఆర్‌హెచ్ వైరుధ్యం వల్ల వచ్చే రక్తహీనతకు 1963లోనే న్యూజిలాండ్ వైద్యుడు లైలీ గర్భస్థ శిశువుకు రక్తం ఎక్కించాడు. సికిల్‌సెల్‌ను గర్భంలోనే నయంచేసే చికిత్స మాత్రం ఇంకా అందుబాటులోకి రాలేదు. కనుక గర్భపరీక్ష తల్లిదండ్రుల ముందు ఒక కఠినమైన నిర్ణయాన్ని ఉంచుతుంది. ఆ నిర్ణయం పూర్తిగా వారిదే కావాలి. 'నిర్మూలన' లెక్కల కోసం వారిని ఎవరూ తొందరపెట్టరాదు.

పుట్టిన బిడ్డకు మాత్రం మనం చేయగలిగింది ఎంతో ఉంది. తొలి నెలలలో పిండ హిమోగ్లోబిన్ బిడ్డను కాపాడుతుంది. ఆ గడువులోనే మడమ నుంచి రక్తపుచుక్క తీసి వ్యాధిని గుర్తిస్తే పెన్సిలిన్, టీకాలు, తర్వాత హైడ్రాక్సీయూరియా ఇవ్వవచ్చు. రోజూ పెన్సిలిన్ తీసుకున్న పసివారిలో న్యుమోకాకస్ సూక్ష్మజీవి వల్ల కలిగే తీవ్రవ్యాధులు 84 శాతం తగ్గినట్లు 1986లో అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది.

అందువల్ల ఎన్ని కోట్ల పరీక్షలు జరిగాయన్న అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. మూడో నెలలోపే ఎందరు దంపతులకు ఫలితం అందింది? వ్యాధితో పుట్టిన బిడ్డలలో ఎందరికి మందు అందుతోంది? మీ ఊరి ఆరోగ్యకేంద్రంలో ఈ రెండు ప్రశ్నలూ అడిగి చూడండి.