నొప్పి తగ్గాక మొదలయ్యే పని

పడుగు అతికేవాళ్ల చేతులు చూస్తూ పెరిగాను. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన మా నాన్న లింబాయత్ మరమగ్గాల ఖాతాల్లో అదే పని చేసేవాడు. పాత బీము అయిపోగానే వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, కొత్త పోగునూ పాత పోగునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టేవాడు. అలా వేల పోగులు. ఆ మెలిక బిగియాలంటే బొటనవేలి మొదటి కణుపు పక్కకు ఒరగకూడదు. దాన్ని ఒరగనివ్వకుండా చూపుడువేలి వైపు నుంచి పట్టి ఉంచేది ఒక చిన్న లిగమెంటు. దాని సంగతి నాది తెగాకే తెలిసింది.

వానలో ఉధ్నా రోడ్డు మీద స్కూటరు జారింది. హ్యాండిల్‌కూ నేలకూ మధ్య బొటనవేలు బయటికి విరుచుకుపోయింది. ఈ దెబ్బలో ఒక తిరకాసు ఉంది. దాన్ని 1962లో స్వీడన్ సర్జన్ బెర్టిల్ స్టెనర్ వివరించాడు. తెగిన కొస ఒక్కోసారి పైకి మడతపడుతుంది, పక్క కండరపు పొర మధ్యలో అడ్డం పడుతుంది. అలా అయితే ఎంత కట్టు కట్టినా కొసలు కలవవు, ఆపరేషన్ కావాలి. నాకైతే కుట్టడానికి పనికొచ్చే కొస కూడా మిగల్లేదు. ముంజేతి నుంచి సన్నటి స్నాయువు తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, వాటిగుండా పోనిచ్చి బిగించారు. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి మణికట్టు వంచితే మధ్యలో తాడులా లేచేది ఆ స్నాయువే. నూటికి దాదాపు 15 మందికి అది అసలు ఉండనే ఉండదు. లేకపోయినా చేతి బలానికి లోటేమీ రాదు. అందుకే సర్జన్లు ముందు దాని కోసమే చూస్తారు. నా చేతిలో జరిగింది కూడా ఒక పడుగు అతకడమే.

నాలుగు నుంచి ఆరు వారాలు కట్టు. అది విప్పాక ప్లాస్టిక్ పట్టీ. అప్పుడు మొదలైంది నేను రాయాలనుకున్న అసలు విషయం.

నా చేతికి వ్యాయామం నేర్పిన ఫిజియోథెరపిస్టు గుజరాతీ అమ్మాయి. మొదటిరోజే ఏం తింటారని అడిగింది. అన్నం అన్నాను. "మంచిది అంకుల్, అన్నం కలుపుకుని తినండి. రోట్లీ మాత్రం ఆ చేత్తో తుంచొద్దు" అంది. తర్వాత గమనించాను. ముద్దను బొటనవేలు వెనక నుంచి నెడుతుందంతే. రొట్టెను ఒక్క చేత్తో తుంచేటప్పుడు మాత్రం బరువంతా పక్కవాటుగా, సరిగ్గా కొత్త లిగమెంటు మీదే పడుతుంది. పాల ప్యాకెట్ చింపడం, తాళం తిప్పడం, సీసా మూత తీయడం కూడా అంతే. పప్పన్నం చికిత్సలో భాగమవుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

మచ్చ దగ్గర చర్మం మొద్దుబారి, తాకితే జివ్వుమనేది. ఆమె సూరత్ గుడ్డముక్కల సంచీ తెచ్చింది. ముందు వెల్వెట్, తర్వాత జార్జెట్, చివర గరుకు జరీ అంచు. రోజూ వాటితో నిమిరితే నరం మళ్లీ గుడ్డను గుడ్డగా గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. బొటనవేలి కొనతో ఒక్కో వేలినీ తాకుతూ చిటికెనవేలి మొదలు దాకా, ఆపైన అరచేతి గీత దాకా పోవడం ఇంకో సాధన. ఫ్రెంచ్ సర్జన్ కపాంజీ 1986లో దానికి పది మార్కుల కొలత పెట్టాడు. నాకు ఎనిమిది దాటగానే పదికి తోసేయాలనిపించింది. "ధీమే ధీమే" అని ఆపేసింది.

ఆమె ఆపడానికి కారణం ఉంది. నొప్పి ముందు పోతుంది, బలం చాలా తర్వాత వస్తుంది. అతికిన స్నాయువు కొత్త రక్తనాళాలు తెచ్చుకుని లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. గట్టిగా నొక్కి పట్టుకునే పనికి రెండు నెలలైనా ఆగాలి, బరువు పనికి మూడు నాలుగు నెలలు. మీటరుకింత కూలి తీసుకునే కారీగర్ ఈ మధ్యకాలంలోనే మగ్గం దగ్గరికి తిరిగొస్తాడు. వేలు బాగానే ఉందనిపిస్తుంది, ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. నాకు రాత పని కాబట్టి ఆగగలిగాను. మా నాన్నకే ఇలా అయితే ఆగేవాడు కాదు, ఆగనిచ్చేవాళ్లూ కాదు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం జాబితాలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని రాశారు, దాని అడుగున ఉన్న అరచేతి ఎముకతో సహా పోతే 40. ఊడిపోకుండా వదులైపోయిన వేలికి అందులో అంకె లేదు. డాక్టరు అంచనా కట్టి రాయాలి. ఈఎస్‌ఐ ఉన్నవాడికి పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా కూలిలో సుమారు 90 శాతం వస్తుంది. అయితే అతని పేరు రిజిస్టరులో ఉండాలి, ఎన్నో ఖాతాల్లో అదే ఉండదు. దొరలు తమతో బలవంతంగా పని చేయించకుండా ఉండాలని బెంగాల్లో పట్టునూలు చుట్టేవాళ్లు తమ బొటనవేళ్లు తామే కోసుకున్నారని విలియం బోల్ట్స్ 1772లో రాశాడు. వేలు పోతే పని తప్పుతుందని అప్పటి దొరలకూ తెలుసు. వేలు నిలవాలంటే పని కొన్నాళ్లు ఆగాలని ఇప్పటి సేఠ్‌లు ఒప్పుకోవాలి. ఆ మూడు నెలల కూలి ఆపరేషన్ ఖర్చులో భాగమే.

లింబాయత్, ఉధ్నా అన్నలకూ అక్కలకూ ఒక్క మాట. పడినప్పుడు బొటనవేలి మొదట్లో లోపలివైపు వాచి, కాగితం పట్టుకుంటే జారిపోతుంటే, బామ్ రాసి ఊరుకోకండి. చేతి సర్జన్‌కు వెంటనే చూపించండి. రెండు మూడు వారాల్లోపైతే చాలామందికి తెగిన కొసనే తిరిగి కుట్టేస్తారు. ముంజేతి నుంచి ఏదీ తీయక్కర్లేదు.